కోడి గురక వెనక కనిపించని విషం

చలికాలం తెల్లవారుజామున కోళ్ళ గూటి దగ్గర ఎప్పుడైనా చెవి ఒగ్గి విన్నారా? ఆరోగ్యంగా ఉన్న కోడి నిద్రలో చప్పుడు చేయదు. కాని కొన్ని గూళ్ళలోంచి సన్నగా ‘గుర్ గుర్’మనే శబ్దం వస్తుంటుంది. పొద్దెక్కాక చూస్తే ఆ కోడి కళ్ళు సగం మూసుకొని, ఈకలు ఉబ్బించుకొని, ఒక మూల ముడుచుకొని ఉంటుంది. ముక్కు రంధ్రాల దగ్గర తడి కనిపిస్తుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా నోరు తెరుస్తుంది. “కోడికి సర్ది అయింది” అంటారు మన మక్తల్ వైపు పల్లెల్లో. రెండు మూడు రోజులు గడిచేసరికి పక్క కోళ్ళదీ అదే వరస.

ఇంటి వెనక పది కోళ్ళున్న కుటుంబానికి అవి గుడ్లు, పండుగనాటి కూర, అవసరానికి అంగడిలో అమ్ముకుంటే చేతికి వచ్చే డబ్బు. మన మక్తల్ నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో షాద్‌నగర్ చుట్టుపట్ల చూస్తే, ఒకే కప్పు కింద వేల కోళ్ళుండే ఫారాలు కనిపిస్తాయి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 8 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 10 కోట్లకు పైగా కోళ్ళూ ఇతర పెంపుడు పక్షులూ ఉన్నాయి. కాబట్టి కోడి గురక చిన్న విషయం కాదు.

ఆ గురకకు కారణం సూక్ష్మజీవులని మీరు చటుక్కున చెప్పేస్తారు. నిజమే. అయితే ఒక ప్రశ్న. బాక్టీరియా కోడిని కరవదు, కొరకదు. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదు వందల వంతు మాత్రమే. అంత చిన్న జీవి అంత పెద్ద పక్షిని ఎలా పడగొడుతుంది? విషంతో. ఆ విషం కోడి ఒంట్లో ఏం చేస్తుందో, దానికి తలుపులు తెరిచేది ఎవరో ఇప్పుడు చూద్దాం.

కోడి ఊపిరి తీరే వేరు

మన ఛాతీకీ కడుపుకీ మధ్య ఉదరవితానం అనే కండర పొర ఉందని చదువుకున్నారు గదా! కోడికి మనకున్నటువంటి ఉదరవితానం లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి. వీపు వైపు పక్కటెముకలకు అతుక్కొని ఉంటాయి. మన ఊపిరితిత్తుల్లాగా ఉబ్బి ముడుచుకోవు. వాటికి అనుబంధంగా పలుచని పొరతో చేసిన గాలి సంచులు ఉంటాయి. పక్షుల్లో ఇవి సాధారణంగా తొమ్మిది. కోడిలో మెడ దగ్గరి రెండూ కలిసిపోయి ఉండటంవల్ల ఎనిమిది అని లెక్కించేవారూ ఉన్నారు. ఈ సంచులు కొలిమి తిత్తుల్లాగా పనిచేసి ఊపిరితిత్తుల గుండా గాలిని తోస్తాయి.

కోడి ఒకసారి పీల్చిన గాలి బయటికి పోవడానికి రెండు శ్వాసలు పడుతుంది. మొదటి పీల్పుతో తాజా గాలిలో చాలా భాగం వెనకవైపు సంచుల్లోకి పోతుంది. మొదటి విడుపుతో అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. రెండో పీల్పుతో ముందువైపు సంచుల్లోకి, రెండో విడుపుతో బయటికి. అంటే కోడి పీల్చినా విడిచినా దాని ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహిస్తూ ఉంటుంది. ప్రాణవాయువును పట్టుకోవడంలో ఇది మన పద్ధతికన్నా మెరుగు.

కాని ఈ మెరుగులోనే ఒక ప్రమాదం దాగి ఉంది. గాలితో వచ్చిన దుమ్ము, క్రిములు నేరుగా గాలి సంచుల్లోకి చేరగలవు. ఆ సంచుల పొర సబ్బు బుడగలా పలుచన. అందులో రక్తనాళాలు చాలా తక్కువ. రక్తం తక్కువైన చోటికి కాపలా కాసే తెల్ల రక్తకణాలు ఆలస్యంగా చేరుతాయి. మనం వేసే మందూ అంతే. పైగా కొన్ని సంచులు రెక్క మూలంలోని ఎముక దాకా, పొట్టలోని పేగుల దాకా వ్యాపించి ఉంటాయి. అక్కడ పాతుకున్న క్రిమికి ఒళ్ళంతా దగ్గరే.

గొంతులోని చీపుర్లు

మరి ఇన్ని లక్షల కోళ్ళు రోజూ దుమ్ములో తిరుగుతూ కూడా ఎలా బతుకుతున్నాయి? వాటి శ్వాసనాళంలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. నాళం లోపలి గోడ నిండా శైలికలు అనే అతి సూక్ష్మమైన వెంట్రుకలు ఉంటాయి. వాటిపైన శ్లేష్మం పొర ఉంటుంది. దుమ్మూ క్రిములూ ఆ జిగటకు అంటుకుంటాయి. శైలికలన్నీ గాలికి ఊగే వరిచేనులా ఒకే వైపు కదులుతూ ఆ శ్లేష్మాన్ని పైకి, గొంతు వైపు నెట్టేస్తాయి. కోడి దాన్ని మింగేస్తుంది. రాత్రింబగళ్ళు ఆగని చీపుర్లన్నమాట.

ఈ చీపుర్లు ఆగితే కథ మొదలవుతుంది. వాటిని ఆపేవి ముఖ్యంగా రెండు.

మొదటిది అమ్మోనియా. కోడి మూత్రం మనలా ద్రవంగా ఉండదు. రెట్టలో తెల్లగా కనిపించే యూరిక్ ఆమ్లమే అది. కింద పరచిన వరి పొట్టు తడిసి ఉంటే అందులోని బాక్టీరియా ఆ యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాగా మార్చేస్తాయి. చలికాలం రాత్రులు మన మెట్ట ప్రాంతంలో వణికించే చలి. పిల్లలు చస్తాయేమోనని షెడ్డుకు నాలుగు వైపులా గోనె పట్టాలు దించి బిగించేస్తారు. చలి ఆగుతుంది, అమ్మోనియా కూడా లోపలే ఆగిపోతుంది. పది లక్షల పాళ్ళ గాలిలో అది 25 పాళ్ళు మించకూడదని కోళ్ళ పెంపకంలో సాధారణంగా పాటించే హద్దు. అది మించితే శైలికలు నీరసించి, క్రమంగా రాలిపోతాయి. వేసవిలో ఇంకో ఇబ్బంది. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పుతూ ఒళ్ళు చల్లబరచుకుంటుంది. దానివల్ల గొంతు ఎండిపోతుంది, దుమ్ము ఎక్కువగా లోపలికి పోతుంది.

రెండోది మైకోప్లాస్మా గాలిసెప్టికం అనే బాక్టీరియా. దీనికి కణకవచం ఉండదు. అందుకే కణకవచం కట్టుకోనివ్వకుండా క్రిమిని చంపే పెన్సిలిన్ దీనిమీద పనిచేయదు. ఇది శైలికలున్న కణాలకు అంటుకొని హైడ్రోజన్ పెరాక్సైడు వంటి హానికర పదార్థాలను వదులుతుంది. చీపుర్లు ఆగిపోతాయి, శ్లేష్మం పేరుకుపోతుంది. గూట్లో వినిపించే గురక ఆ శ్లేష్మం గుండా గాలి పోయే చప్పుడే. ఇది గుడ్డు ద్వారా తల్లినుంచి పిల్లకు కూడా సంక్రమిస్తుంది.

ఇటువంటి పని చేసే విషం మనుషులకూ కొత్త కాదు. కోరింత దగ్గు తెచ్చే బోర్డటెల్లా పెర్టుసిస్ అనే బాక్టీరియా తన కణకవచపు ముక్కనొకదాన్ని విషంగా వదిలి శైలికలున్న కణాలను చంపుతుంది. సీమకోళ్ళకు జలుబు తెచ్చే దాని దాయాది బోర్డటెల్లా ఏవియంలోనూ ఆ విషం ఉంది. పసిపిల్లలకు వేసే ట్రిపుల్ టీకా ఆ దగ్గునుంచి కూడా కాపాడుతుంది.

విషాన్ని మొదట పసిగట్టినదెవరు?

ఈ విషాల కథ కోళ్ళతోనే మొదలైందంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ 1879–80లో కోళ్ళ కలరా అనే రోగాన్ని పరిశీలిస్తున్నాడు. పాతబడి బలహీనపడిన క్రిములను ఎక్కిస్తే కోడి చావదనీ, తరవాత ఆ రోగాన్ని తట్టుకుంటుందనీ కనిపెట్టింది అప్పుడే. దానితోబాటు మరో పరీక్ష కూడా చేశాడు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, క్రిములు లేకుండా చేసి, ఆ ద్రవాన్ని మాత్రమే కోడికి ఎక్కించాడు. కోడికి రోగం రాలేదు. కాని రోగపు కోడిలాగే మగతగా, ముడుచుకొని కూర్చుంది. అంటే క్రిమి లేకపోయినా, అది వదిలిన పదార్థం ఒంటిమీద పనిచేస్తోందన్నమాట.

1888లో పాశ్చర్ సంస్థలోనే ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్ అనేవారు డిఫ్తీరియా బాక్టీరియా బయటికి వదిలే విషాన్ని వేరుచేసి చూపారు. ఇలా బతికి ఉన్న క్రిమి బయటికి స్రవించే విషం బహిర్విషం, అంటే ఎక్సోటాక్సిన్. ఇది సాధారణంగా ప్రోటీను. చాలావరకు వేడికి చెడిపోతుంది. 1892లో బెర్లిన్‌లో రిచర్డ్ ఫైఫర్ ఇంకో సంగతి గమనించాడు. కలరా బాక్టీరియాను వేడిచేసి చంపినా, ఆ చచ్చిన క్రిములు కూడా ప్రయోగ జంతువులను చంపుతున్నాయి. ఆ విషం క్రిమి బయటికి వదిలేది కాదు, దాని శరీరంలో భాగమే. దానికి ఎండోటాక్సిన్ అని పేరు. మనం అంతర్విషం అందాం.

గోడ ముక్కే విషం

కోడి పేగుల్లో ఎప్పుడూ కాపురముండే బాక్టీరియా ఎశ్చరీషియా కోలై. 1885లో దీన్ని వర్ణించిన థియోడోర్ ఎశ్చరిష్ పేరు మీద ఈ పేరు వచ్చింది. పేగుల్లో ఉన్నంతకాలం ఇందులో చాలా రకాలు ఏ హానీ చేయవు. రెట్టతో బయటపడి, ఎండి, దుమ్ముతో కలిసి గాలిలో తేలుతుంది. శైలికలు ఆరోగ్యంగా ఉంటే అవి దాన్ని ఊడ్చి పారేస్తాయి. చీపుర్లు ఆగిన కోడిలో మాత్రం అందులోని హానికర రకాలు గాలి సంచుల దాకా పోతాయి.

దీని పైపొరలో కొవ్వూ చక్కెరా కలిసిన లైపోపాలిశాకరైడు అనే పదార్థం ఉంటుంది. అందులో కొవ్వు భాగమైన లిపిడ్-ఎ అసలు విషం. క్రిమి పెరిగేటప్పుడు కొంచెం, చచ్చి పగిలినప్పుడు చాలా ఎక్కువగా ఇది బయటికి వస్తుంది. నీళ్ళు మరిగించే వేడికి కూడా ఇది చెడదు.

ఇప్పుడు అసలు విచిత్రం వినండి. అంతర్విషం నేరుగా కణాలను చంపేది కాదు. అది ఒక కేక లాంటిది. కోడి ఒంట్లో కాపలా తిరిగే స్థూలభక్షక కణాలకు లిపిడ్-ఎను గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయి. అది తగలగానే “దొంగలు పడ్డారు” అని అర్థం చేసుకొని సైటోకైన్లు అనే రసాయన సందేశాలను రక్తంలోకి పంపుతాయి. వెంటనే జ్వరం వస్తుంది. ఆకలి చచ్చిపోతుంది. పెరుగుదలకు వాడవలసిన ఆహారశక్తి పోరాటానికి మళ్ళుతుంది. తెల్ల రక్తకణాలు గుంపులుగా గాలి సంచుల వద్దకు పరుగెత్తుతాయి. రక్తంలోంచి ఫైబ్రిన్ అనే ప్రోటీను ఊరి అక్కడ గడ్డకడుతుంది.

దొంగ ఒక్కడే అయితే ఈ పోరాటం మేలే చేస్తుంది. విషం రోజుల తరబడి వస్తూనే ఉంటే మాత్రం పోరాటమే నష్టంగా మారుతుంది. దొంగను తరమబోయి ఇంటి సామాను పగలగొట్టుకున్నట్టు అవుతుంది. మన చీములాగా కోడి చీము పలుచగా కారదు. దాని తెల్ల రక్తకణాల్లో చీమును కరిగించే ఎంజైములు తగినంత లేకపోవడంతో అది పసుపుపచ్చని గట్టి జున్నుముక్కలా పేరుకుంటుంది. చచ్చిన కోడిని పశువైద్యుడు కోసి చూసినప్పుడు గాలి సంచులు పారదర్శకంగా కాక మందంగా, మసకగా కనిపిస్తాయి. గుండెచుట్టూ, కాలేయంమీద పసుపు పొర అతుక్కొని ఉంటుంది. తిత్తులు బిగుసుకుపోతే కొలిమి మండదు గదా! కోడి ఊపిరాడక పోతుంది.

సైన్యానికే దెబ్బ

కోడి రోగనిరోధక శక్తికి ముఖ్యమైన బడి ఒకటుంది. తోక కింద, అవస్కరానికి పైన ఉండే చిన్న సంచి అది. 16వ శతాబ్దంలో ఇటలీలో పనిచేసిన ఫాబ్రీషియస్ దాన్ని వర్ణించాడు గనుక ఫాబ్రీషియస్ సంచి అంటారు. మూడు వందల సంవత్సరాలు దాటినా అది ఎందుకుందో ఎవరికీ తెలియలేదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లల్లో ఆ సంచిని తీసివేసి చూశాడు. పెద్దగా తేడా కనబడలేదు. తరవాత అతని మిత్రుడు తిమోతీ చాంగ్ తరగతిలో చూపడానికి అవే కోళ్ళను అడిగి తీసుకుని, వాటికి సాల్మొనెల్లా బాక్టీరియా పదార్థాన్ని ఎక్కించాడు. సంచి లేని కోళ్ళలో కొన్ని చచ్చాయి, బతికినవాటిలోనూ ప్రతిరక్షకాలు తయారు కాలేదు! ఆ సంచే ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలకు బడి అని అప్పుడు తెలిసింది. 1956లో ఈ సంగతి ‘పౌల్ట్రీ సైన్స్’ అనే పత్రికలో వెలువడింది. మన రక్తంలో కూడా ఉండే ‘బి’ లింఫోసైట్లలో ‘బి’ అనే అక్షరం బర్సా అనే ఈ సంచి పేరునుంచే వచ్చింది. కోడికి జరిపిన పరీక్ష మనిషి వైద్యాన్నే మార్చిందన్నమాట.

ఎశ్చరీషియా కోలై రోగం తీవ్రమైనప్పుడు ఈ సంచిలోనూ, మెడలోని థైమస్ గ్రంథిలోనూ లింఫోసైట్లు తగ్గిపోతాయని పరిశోధనల్లో తేలింది. ఒత్తిడివల్ల పుట్టే హార్మోన్లు కూడా ఆ బడిని కుదించేస్తాయి. సైన్యానికి శిక్షణ ఇచ్చే చోటే దెబ్బ తింటే ఏమవుతుంది? ఒక రోగంతోబాటు మరొకటి చేరుతుంది. కొక్కెర తెగులుకు వేసిన టీకా కూడా సరిగా పట్టకపోవచ్చు. “టీకా వేయించినా చచ్చింది, టీకా మంచిది కాదు” అని మనం తప్పు టీకామీద తోస్తాం. కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. దానికి టీకా తప్పనిసరి. కాని టీకా అందుకొనే ఒళ్ళు కూడా ఆరోగ్యంగా ఉండాలి.

మందు వేస్తే సరిపోదా?

“యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలిపితే క్రిములు చస్తాయి గదా” అనవచ్చు మీరు. అవసరమైనప్పుడు, పశువైద్యుడు పరీక్షించి చెప్పినప్పుడు మందు వాడవలసిందే. కాని మందు క్రిమిని చంపగలదే తప్ప, చచ్చిన క్రిమి గోడలోని విషాన్ని మాయం చేయలేదు. గాలి సంచుల్లోకి మందు అరకొరగానే చేరుతుంది. పైగా అమ్మోనియా అలాగే ఉంటే రేపు మళ్ళీ కొత్త క్రిములు వస్తాయి.

ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. కొలిస్టిన్ అనే మందు సరిగ్గా ఈ లిపిడ్-ఎకే అతుక్కొని క్రిమి పైపొరను చీలుస్తుంది. వేరే మందులకు లొంగని క్రిములు సోకిన మనుషులకు డాక్టర్లు చివరి ఆయుధంగా వాడే మందు ఇది. దీన్ని కోళ్ళ దాణాలో బరువు పెరగడానికి కూడా కలుపుతూ వచ్చారు. క్రిములు లిపిడ్-ఎ రూపాన్ని కొంచెం మార్చుకొని తప్పించుకోవడం నేర్చాయి. అలా తప్పించే జన్యువు ఒక బాక్టీరియానుంచి ఇంకొకదానికి సులభంగా పాకగలదని 2015లో చైనాలో బయటపడింది. 2019లో భారత ప్రభుత్వం ఆహారానికి పెంచే జంతువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. కోళ్ళ షెడ్డులో చేసిన తొందరపాటు ఆసుపత్రిలో మనిషి మంచం దాకా వస్తుందని గ్రహించండి.

మీరే చేసి చూడండి

తలుపు మూస్తే దొంగ రాడు. ఇక్కడ తలుపంటే శుభ్రమైన గాలి, పొడి పొట్టు. ఇవి మీరు పరీక్షించగలిగినవే.

1. ఎర్ర లిట్మస్ కాగితాన్ని తడిపి, కోడి తల ఎత్తులో, పొట్టుకు తగలకుండా కాసేపు పట్టుకోండి. నీలంగా మారితే అక్కడ అమ్మోనియా ఉంది. నిలబడి వాసన చూస్తే చాలదు సుమా! కోడి పీల్చేది నేలకు జానెడెత్తు గాలి. కింద కూర్చొని చూడండి. కళ్ళు మండితే హద్దు దాటిందని అర్థం.

2. గుప్పెడు పొట్టును చేతికి కవరు తొడుక్కొని పిండండి. వదలగానే విడిపోతే మంచిది. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ. నీటి తొట్టి కారుతోందేమో చూడండి. తడి పొట్టు తీసేసి పొడిది వేయాలి.

3. ఘాటు తగ్గుతుందని కోళ్ళు లోపల ఉండగానే పొట్టుమీద సున్నం చల్లకండి. ప్రయోగశాలలో అమ్మోనియం క్లోరైడుకు పొడిసున్నం కలిపి వేడిచేస్తే ఏ వాయువు వచ్చింది? అదే చర్య ఇక్కడ నెమ్మదిగా జరిగి, మొదట ఘాటు పెరుగుతుంది. సున్నం ఖాళీ షెడ్డుకు మంచిది.

4. చలిరాత్రి పట్టాలు దించినా పై భాగంలో జానెడు ఖాళీ వదలాలి. వెచ్చని చెడుగాలి పైనుంచి పోతుంది, చలిగాలి పిల్లలకు నేరుగా తగలదు.

5. షెడ్డు ఊడ్చేటప్పుడు ముక్కుకు, నోటికి బట్ట కట్టుకోండి. ఆ దుమ్ములో చచ్చిన క్రిముల అంతర్విషం ఉంటుంది. కోళ్ళ ఫారాల్లో పనిచేసేవారికి దగ్గు, ఆయాసం రావడానికి అదీ ఒక కారణం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

6. ఒక్కరోజులో చాలా కోళ్ళు చచ్చిపోతే వాటిని ముట్టుకోవద్దు. పెద్దలకు చెప్పి పశువైద్యశాలకు కబురు చేయండి. గురక ఒకటే అయినా కారణాలు అనేకం. వైరస్ రోగమా, బాక్టీరియా రోగమా అన్నది పరీక్ష చేసినవారే చెప్పగలరు.

ఆలోచించండి

1. క్రిములు పెరిగిన నీటిని బాగా మరిగిస్తే బహిర్విషం, అంతర్విషం రెండింటిలో ఏది మిగిలే అవకాశం ఎక్కువ?

2. మైకోప్లాస్మాకు పెన్సిలిన్ ఎందుకు పనిచేయదు?

3. ఒకే ఊరిలో రెండు షెడ్లు. రెండింటికీ ఒకే పిల్లలు, ఒకే దాణా, ఒకే టీకా. ఒకదానిలోనే గురక వచ్చింది. మీరు పశువైద్యుడి వెంట వెళితే ఆ షెడ్డులో మొట్టమొదట ఏం చూస్తారు?